కొత్త క్యామ్‌కు ఇరవై నిమిషాలు

"చేతులు మంచిగ కడుగు. చపాతీలు కిరసనాయిలు వాసనొస్తున్నయ్," అని అత్తగారు బాలమ్మ అనని రోజు లేదు. స్వర్ణలత మళ్లీ సబ్బందుకుంటుంది. గోళ్ల సందుల్లో గ్రీజు పెళ్లికి ముందు నుంచీ ఉంది. అయినా ఆ ఇంట్లో ఆమెను మెకానిక్ అన్నవాళ్లు లేరు.

మారేడ్‌పల్లిలో ఇంటి ముందున్న షెడ్డు ఆమె తండ్రి బ్రహ్మచారిది. పాత కార్ల ఇంజన్లు విప్పి బిగించడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక బోర్డు మీదికి భర్త రాఘవేందర్ పేరెక్కింది. కస్టమర్లతో మాట్లాడటం అతని పని. మిగతాదంతా ఆమె చేస్తే, "ఇంట్లనే ఉంటది గద, జెర చెయ్యేస్తది," అంటాడు.

రోనాల్డ్ రైల్వేలో రిటైరైన మనిషి. నిరుడు తన అంబాసిడర్‌కు ఇక్కడే కొత్త క్యామ్ షాఫ్ట్, అంటే ఇంజన్ వాల్వుల్ని తెరిచే ఉబ్బుల ఇరుసు, వేయించుకున్నాడు. అప్పుడు అత్త మోకాలి ఆపరేషన్ కోసం స్వర్ణలత వారం రోజులు ఆస్పత్రిలో ఉంది. రాఘవేందర్ కొత్త క్యామ్ ఉబ్బుల మీద ఆని లేచే ట్యాపెట్లు మాత్రం అరిగిన పాతవే పెట్టేశాడు. ఈ కాలం కార్లకు పోసే పల్చటి ఆయిల్ పోశాడు. కార్బురేటర్ సెట్ చేస్తానని గంటసేపు ఇంజన్ని నెమ్మదిగా తిరగనిచ్చాడు. మూడు నెలలకే టకటకమని చప్పుడు. ఆమె విప్పి చూస్తే క్యామ్ మీది ఉబ్బులు అరిగి గుండ్రంగా అయిపోయాయి.

"ఆయిల్ మా ఆమె పోసింది సార్. ఆడోళ్లకేం తెలుస్తది," అన్నాడు రాఘవేందర్. చాయ్ కప్పులు పట్టుకుని ఆమె అక్కడే ఉంది. "పర్వాలేదమ్మా," అన్నాడు రోనాల్డ్, జాలిగా. భర్త మాట కన్నా ఆ జాలే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. కప్పులు అక్కడ పెట్టి లోపలికెళ్లిపోయింది. ఇంట్లో గొడవ వద్దనుకుంది. గొడవ వద్దనుకోవడం కూడా తన వంతు పనే అయిందని ఆ రాత్రి అంట్లు తోముతుంటే తోచింది.

ఈసారి ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. క్యామ్‌తో పాటు ట్యాపెట్లూ కొత్తవే తెప్పించింది. ఒక్కో ఉబ్బుకూ, ఒక్కో ట్యాపెట్ అడుక్కూ మొదటి రాపిడికి అరక్కుండా వేలితో నల్లటి పేస్టు పూసింది. అరుగుదలను ఆపే జింక్ ఎక్కువున్న చిక్కటి ఆయిల్ పోసింది. ఇంజన్ని చేత్తో తిప్పుతూ ట్యాపెట్లు తమ చోట తాము తిరుగుతున్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకుంది. తిరగని ట్యాపెట్ ఒకే చోట రాసుకుని క్యామ్‌ని తినేస్తుందని నాన్న చెప్పేవాడు.

ఆదివారం రోనాల్డ్ వచ్చాడు. ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి, వెంటనే రేసు పెంచి అక్కడే పట్టింది. షెడ్డంతా హోరు.

"దించు! మెల్లగ నడువనీ, సార్ చప్పుడు వినాలె," అని రాఘవేందర్ చెయ్యి చాపాడు.

ఆమె ఆ చేతిని పక్కకు తోసింది. "ఇరవై నిమిషాలు దించొద్దు. మెల్లగ తిరిగితే క్యామ్‌కు ఆయిల్ చాలదు."

ఇంట్లోంచి బాలమ్మ కేక: "ఏమే, చుట్టాలొచ్చే యాళ్లయింది. కూర ఎవరు చేయాలె?"

"ఇప్పుడు రాను అత్తమ్మా!"

రోనాల్డ్ దగ్గరికొచ్చాడు. "పోయినసారి కూడా ఇట్లనే చేసిన్రా అమ్మా?"

రాఘవేందర్ ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. హోరులో వినపడాలని గొంతు పెంచింది. "లేదు సార్. పోయినసారి నేను లేను. ఆయిల్ పోసింది, గంటసేపు మెల్లగ నడిపింది ఈయనే."

ఆమె కళ్లు గడియారం మీదే ఉన్నాయి. రేసు కొంచెం పెంచుతూ, తగ్గిస్తూ ఇరవై నిమిషాలూ నిలబడింది. ఆ తర్వాత దించితే ఇంజన్ మెత్తగా తిరిగింది. రోనాల్డ్ బానెట్ మీద చెయ్యానించి కాసేపు విని, ఆయిల్ ఎప్పుడు మార్చాలో ఆమెనే అడిగి రాసుకున్నాడు.

కారు గేటు దాటాక రాఘవేందర్ స్టూలు మీద కూలబడ్డాడు. "బయటోళ్ల ముందల నా ఇజ్జత్ తీసినవ్."

స్వర్ణలత చేతులు తుడుచుకుంది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. అతను నిజంగానే ఈ పని రాని మనిషి. ఇన్నేళ్లూ ఆ సంగతి ఇద్దరూ కలిసే దాచారు.

"రేపు చిలకలగూడ ఫియట్ వస్తది. నేను విప్పుతుంటే పక్కన నిలబడు," అంది. "నేర్పిస్త."