చదివేది నేనొక్కదాన్నే

"నీకో మెయిలొచ్చింది రోసీ. గుద్రున్ రాసింది. పెద్ద విశేషమేం లేదులే," అన్నాడు ఎక్‌హార్ట్, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

రోస్విథా బంగాళాదుంపల తొక్క తీస్తోంది. చేతిలో కత్తి ఆగలేదు. విశేషం ఉందో లేదో తేల్చేది ఆమె కాదు. చూపు పూర్తిగా పోయి తెరమీద అక్షరాలు బూడిదరంగులో కలిసిపోయిన దగ్గర్నుంచీ, అంటే నాలుగేళ్ళుగా, అది తేలుస్తున్నది ఆమె భర్త ఎక్‌హార్టే. ముందు తను మనసులో చదువుకుంటాడు. మధ్యలో "ఊఁ" అంటాడు, ఒక్కోసారి చిన్నగా నవ్వుతాడు. ఆ తర్వాత ఆమెకి చదివి వినిపిస్తాడు, లేదా నాలుగు ముక్కల్లో సారాంశం చెబుతాడు. "ఏం రాయమంటావ్?" అని అడుగుతాడు. ఆమె చెబుతూంటే టైపు చేస్తాడు. ఆమె చెప్పిన మూడు వాక్యాలు అతని చేతిలో పడి ఒకటిన్నర అవుతాయి. "అదే కదా నువ్వన్నది?" అంటాడు. అదే. కానీ అది కాదు.

ఒకప్పుడు గుద్రున్ పేజీలకి పేజీలు రాసేది. ఇద్దరూ యూనివర్సిటీలో పక్కపక్క గదుల్లో సెక్రటరీలుగా పనిచేసినవాళ్ళు. గుద్రున్‌కి గర్భసంచి తీసేసినప్పుడు ఆమె రాసిన పెద్ద మెయిల్‌ని ఎక్‌హార్ట్ ఇదే బల్లదగ్గర కూర్చుని మందుల షాపులో చీటీ చదివినంత నిదానంగా, ఒక్క మాట కూడా మింగకుండా చదివాడు. రిటైరయ్యేదాకా మందుల షాపు నడిపినవాడు, అతనికి అందులో సిగ్గుపడే సంగతేమీ కనిపించలేదు. సిగ్గంతా రోస్విథాకే, అదీ గుద్రున్ తరఫున. "వాళ్ళాయన ఆ తర్వాత మంచం మార్చేసుకున్నాడట," అని చదివి ఎక్‌హార్ట్ గొంతు సవరించుకున్నాడు. మరుసటిసారి కలిసినప్పుడు ఆ సంగతి ఎక్‌హార్ట్‌కి తెలుసని గుద్రున్‌కి అర్థమైపోయింది. ఆ తర్వాత ఆమె మెయిళ్ళలో వాన, టమాటాలు, మనవడి పళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. విశేషమేం ఉండదు మరి.

ఇందులో కోపం తెచ్చుకోవడానికి రోస్విథాకి పట్టు దొరికేది కాదు. ఎక్‌హార్ట్ మంచివాడు. ఆ మాట ఊరంతా అంటుంది. అత్తగారు వృద్ధాశ్రమంలో మంచంమీద పడుకునే, కనిపించిన ప్రతి నర్సుకీ చెబుతుంది: "మా ఎక్‌హార్ట్ కాబట్టి సరిపోయింది. ఆవిడ ఉత్తరాలు కూడా వాడే చదివి పెడతాడు. ఇంకొకడైతే ఏం చేసేవాడో." పక్కనే కుర్చీలో కూర్చుని ఆ మాటలు వింటూ రోస్విథా లెక్క వేసుకునేది. పెళ్ళైన నాటినుంచి క్రిస్మస్‌కి ఇరువైపుల చుట్టాలకీ కార్డులు రాసింది తను. ఈ అత్తగారి వాతం గురించి డాక్టర్లకి రాసింది తను. కూతురు సిల్కె బడికి ఎందుకు రాలేదో, బడి వనభోజనానికి ఏ కేకు పంపుతున్నారో రాసింది తనే. కింద మాత్రం 'ఎక్‌హార్ట్, రోస్విథా' అని ఎప్పుడూ అతని పేరే ముందు పెట్టేది. యూనివర్సిటీలో చరిత్ర శాఖ ప్రొఫెసరు తలుపు సందులోంచి తల పెట్టి, "విషయం ఇదీ రోస్విథా, నువ్వే కాస్త మంచి మాటల్లో పెట్టి పంపించెయ్," అని వెళ్ళిపోయేవాడు. ఆ మంచి మాటల కింద ఆయన సంతకం ఉండేది. అన్నేళ్ళు అందరి ఉత్తరాలూ ఆమె రాసింది, దాన్ని సాయమని ఎవరూ అనలేదు. ఆమె ఉత్తరాలు నాలుగేళ్ళు ఒకాయన చదివితే ఆయన దేవుడైపోయాడు.

ఆ లెక్క ఎప్పుడూ నోటిదాకా వచ్చేది కాదు. వచ్చినా ఏమంటుంది? నాకు సాయం చెయ్యొద్దు అనా?

మార్‌బుర్గ్‌లో చూపులేనివాళ్ళ కేంద్రంలో ఆమె గురువారాలు బ్రెయిలీ నేర్చుకుంటోంది. యాభై దాటాక వేళ్ళకి చుక్కలు పట్టుబడటం కష్టం, నెమ్మదిగా చదువుతుంది. "ఇప్పుడది అంత అవసరమా?" అని ఎక్‌హార్ట్ అన్నాడు గానీ, దింపడానికీ తీసుకురావడానికీ తనే కారు తీసేవాడు. అక్కడ కంప్యూటరు చెప్పే ఇల్కా పుట్టుకతోనే చూపు లేనిది, ముప్పై అయిదేళ్ళుంటాయి, నోరు మంచి పదును. ఒక గురువారం మాటల మధ్యలో అడిగింది.

"మీ ఇంట్లో మీ మెయిళ్ళు ఎవరు చదువుతారండీ?"

"మా ఆయన."

"ఓహో. మరి ఆయన మెయిళ్ళు మీరు చదువుతారా?"

గదిలో అందరూ నవ్వారు. రోస్విథా కూడా నవ్వింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఎక్‌హార్ట్ రోడ్డు తవ్వకాల గురించి చెబుతూంటే, ఆమె ఆ ప్రశ్ననే మనసులో తిప్పి తిప్పి వేసుకుంది.

మరుసటి వారం ఆమే ఇల్కాని ఇంటికి పిలిచింది. బొమ్మలూ గుండీలూ ప్రకటనలూ నిండిన మామూలు మెయిల్ పేజీతో రోస్విథా ఇదివరకే విసిగిపోయింది. కంప్యూటరు గొంతు "లింకు, లింకు, బొమ్మ, లింకు" అని గొణుగుతూ ఉంటే అసలు ఉత్తరం దొరికేలోపు ఓపిక అయిపోయేది. ఇల్కా వాడేది వేరే, అదే ఇప్పుడు రోస్విథా కంప్యూటరులోనూ ఎక్కించింది. నల్లటి తెర, దానిమీద ఉత్త అక్షరాలు. మౌసు లేదు. ఒక్కో అక్షరం నొక్కితే ఒక్కో పని. తెరమీది వరుస, కేంద్రంనుంచి తెచ్చి కీబోర్డుకి ముందు పెట్టిన సన్నటి బ్రెయిలీ పట్టీమీద చుక్కలై పైకి లేస్తుంది.

"ఇది నాలాంటివాళ్ళ కోసం చేసింది కాదు. ఎవరో కంప్యూటరు పిచ్చోళ్ళు వాళ్ళకోసం చేసుకున్నారు," అంది ఇల్కా. "కాకపోతే వాళ్ళు బొమ్మలు పెట్టడం మర్చిపోయారు. అది మన అదృష్టం. ఒకటే చిక్కు. మీరెవరో, మీకేం కావాలో మీరే దానికి రాసి పెట్టాలి. దానంతటది ఏదీ ఊహించుకోదు."

ఎక్‌హార్ట్ కుర్చీ లాక్కుని వెనకాల కూర్చున్నాడు. "ఇంత అవస్థెందుకండీ? నేనున్నాను కదా," అన్నాడు. నొచ్చుకుని కాదు, నిజంగా అర్థంకాక.

"మీరున్నారు కాబట్టే కాఫీ అడుగుదామనుకుంటున్నాను," అంది ఇల్కా. అతను నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళాడు.

సెట్టింగులంటే ఒక ఖాళీ ఫైలు. అందులో వరసగా రాసుకుంటూ పోవాలి. మొదటి వరుసలోనే రోస్విథా ఆగిపోయింది.

"మీరు పంపే మెయిల్‌మీద ఏ పేరు కనబడాలి?" అని అడిగింది ఇల్కా.

ఇప్పటిదాకా 'హెన్నెకె కుటుంబం' అని వెళ్ళేది. అది ఎక్‌హార్ట్ పెట్టిందే. రోస్విథా వేళ్ళు కీబోర్డుమీద కదల్లేదు. సొంత పేరు టైపు చెయ్యడానికి ఇంత ఆలోచన ఏమిటని తనమీద తనకే చిరాకేసింది. ఎన్ని వేలసార్లు ఇతరుల పేర్లు కొట్టిన వేళ్ళు ఇవి. చివరికి 'రోస్విథా హెన్నెకె' అని కొట్టింది. ఒక్క పేరే ఉండటం వల్ల వరుస పొట్టిగా అనిపించింది.

తర్వాత కొత్త చిరునామా. పంపినవాటి నకలు ఎక్కడ దాచాలో. వచ్చినవాటిలో ఏది ముందు కనబడాలో. ఎవరెవరికి ఏ పొట్టి పేరు. ఉత్తరం కింద ఏ సంతకం.

"సంతకంలో ఏదైనా రాయొచ్చు. చాలామంది పెద్ద పెద్ద సూక్తులు పెడతారు."

"పేరు చాలు."

"జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ళ ఉత్తరం కింద ఉంచాలా, తీసెయ్యాలా?"

"ఉంచండి. వాళ్ళేమన్నారో చూసుకుంటూ రాస్తాను." ఇలాంటి విషయంలో తనకంటూ ఒక ఇష్టం ఉందని రోస్విథాకి అప్పుడే తెలిసింది.

ఎక్‌హార్ట్ కాఫీ పట్టుకొచ్చేసరికి పాస్‌వర్డు దగ్గరికొచ్చారు. "అది నాకు చెప్పు, చీటీమీద రాసి పెడతాను. మర్చిపోతే కష్టం," అన్నాడు.

కప్పు బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో అతనికి తెలియని మాట ఒక్కటి కూడా తన దగ్గర లేదని రోస్విథాకి అనిపించింది. అతనికి తెలియకూడనిదని కాదు. అసలు లేదు.

"మర్చిపోతే కొత్తది పెట్టుకుంటాలే," అంది.

అంతే అంది. అతను పాలు తేవడానికన్నట్టు వెనక్కి వెళ్ళాడు. పాలు బల్లమీదే ఉన్నాయి.

మొదటిసారి ప్రోగ్రాం తెరవబోతే తెరుచుకోలేదు. ఏదో వరుసలో తప్పుందని చెప్పి ఊరుకుంది. ఇల్కా చెయ్యి చాచబోయి ఆపుకుంది. రోస్విథా ఒక్కో వరుసా వేలికింద జరుపుకుంటూ వెళ్ళింది. పేరుకి ముందు కొటేషను గుర్తు తెరిచి ఉంది, చివర ముయ్యలేదు. "మా ప్రొఫెసరుకీ ఇదే జబ్బు," అంది ఆమె, గుర్తు పెడుతూ. "తెరవడమే, ముయ్యడం ఉండదు. ఆయన పుస్తకాలన్నిటికీ నేనే మూశాను." ఇల్కా పడీ పడీ నవ్వింది. ఈసారి ప్రోగ్రాం తెరుచుకుంది. పట్టీమీద సున్నా లేచింది. ఇంకా ఎవరూ ఏమీ రాయని పెట్టె.

ఇల్కా వెళ్ళాక ఆమె రెండు మెయిళ్ళు రాసింది. ఒకటి గుద్రున్‌కి, ఒకటి సిల్కెకి. రెండిటిలోనూ ఒకే సంగతి. ఇకనుంచి ఈ చిరునామాకి రాయి. చదివేది నేనొక్కదాన్నే.

గుద్రున్ ఆ సాయంత్రమే జవాబిచ్చింది. "హమ్మయ్య. టమాటాల గురించి రాసీ రాసీ చేతులు పడిపోయాయే. కూర్చో, నాలుగేళ్ళ సంగతులు చెప్పాలి," అని మొదలుపెట్టింది. ఆ ఉత్తరాన్ని వేళ్ళతో చదవడానికి రోస్విథాకి గంటపైనే పట్టింది. మధ్యలో పక్కగదిలోంచి ఎక్‌హార్ట్, "ఏమిటి, ఒక్కదానివే నవ్వుతున్నావ్?" అన్నాడు. "గుద్రున్," అంది. "ఏమంటుంది?" అన్నాడు. "చాలా అంటోంది," అంది.

సిల్కె దగ్గర్నుంచి మాత్రం ఏమీ రాలేదు. సిల్కె ఉత్తరాన బ్రేమెన్ దగ్గర పడవలు కట్టే షెడ్డులో వడ్రంగి. ఎప్పుడూ రెండు ముక్కలే రాసే పిల్ల. బాగున్నాను, పని ఎక్కువగా ఉంది, నాన్నకి ముద్దులు. రోస్విథా రోజూ పొద్దున్నే పెట్టె తెరిచి చూసుకునేది. మూడో రోజుకి, కూతురికి తనకి రాయాల్సినంత మాటేమీ లేదేమోనన్న ఆలోచన వచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్‌హార్ట్ మధ్యలో ఉన్నాడనుకుంది. మధ్యలో ఎవరూ లేకపోయినా ఇంతేనేమో.

శనివారం ఎక్‌హార్ట్ కూరలకని సంతకి వెళ్ళాడు. ఆమె పెట్టె తెరిచింది. పట్టీమీద సిల్కె పేరు లేచింది.

"అమ్మా, నిజంగా నువ్వొక్కదానివేనా? నాన్న పక్కన లేడు కదా? నాలుగు రోజులుగా ఇది రాయడం, తీసెయ్యడం. చీకటి పడ్డాక సైకిలు తొక్కడం మానేశాను. పోయిన చలికాలంలో షెడ్డు మెట్లమీంచి పడ్డాను, మంచుకి జారానని మీకు చెప్పాను. మంచు లేదు. మెట్టు కనబడలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఏమందంటే"

పట్టీ అక్కడితో నిండిపోయింది. తర్వాతి వరుసకి బొటనవేలితో మీట నొక్కాలి. రోస్విథా వేలు మీటమీదే ఉంది, కానీ నొక్కలేదు. ఏముంటుందో తెలుసు. తన ముప్పై రెండో ఏట ఇదే మాట ఇంకో డాక్టరు నోట విన్నది. అప్పుడు సిల్కెకి ఆరేళ్ళు. వీధిలో పేవ్‌మెంటుమీద సుద్దతో గళ్ళు గీసుకుని గెంతుతోంది.

నొక్కింది.

"నీకొచ్చిన జబ్బే అని. నెమ్మదిగా వస్తుందట, ఏళ్ళు పడుతుందట. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. నాన్నకి తెలిస్తే రేపు పొద్దున్నకల్లా కారేసుకుని వచ్చి, నా పనిముట్లన్నీ పెట్టెలో సర్దేసి తాళం పెడతాడు. నామీద ప్రేమతోనే పెడతాడు. నాకు సర్దేవాళ్ళు వద్దమ్మా. నీకు మొదట్లో ఎలా ఉండేదో నేనెప్పుడూ అడగలేదు. నువ్వెప్పుడూ చెప్పలేదు. అడగాలంటే నాన్నే చదువుతాడు కదా. ఇప్పుడు అడుగుతున్నాను. ఎలా ఉండేది?"

ఆమె దాన్ని మళ్ళీ మొదటినుంచి చదివింది. కూతురు ఇంత పొడుగు వాక్యాలు రాస్తుందని ఆమెకి తెలియదు. ఏడుపు వచ్చింది, కాసేపు ఏడ్చింది. తర్వాత జవాబుకి ఒక అక్షరం నొక్కింది. ఎలా ఉండేదో రాయడం మొదలుపెట్టింది. ముందు పోయింది పక్క చూపని, జనాన్ని గుద్దుకుంటూ వాళ్ళే చూసుకోకుండా నడుస్తున్నారని తిట్టేదాన్నని రాసింది. ఆఫీసులో దాచడానికి నోట్సన్నీ బట్టీపట్టేదాన్ననీ, సాయంత్రం చీకట్లో బస్సు దిగాక ముందు వెళ్ళేవాళ్ళ చెప్పుల చప్పుడు పట్టుకుని ఇంటికి చేరేదాన్ననీ రాసింది. ఎవరికీ చెప్పని సంగతులు. ఎవరూ మార్చకుండా, పొట్టిగా చెయ్యకుండా, ఆమె కొట్టినవి కొట్టినట్టే వెళ్ళాయి. చివర, శుక్రవారం వస్తున్నానని రాసింది.

ఎక్‌హార్ట్ సంచీలు బల్లమీద పెడుతూండగా చెప్పింది. "శుక్రవారం సిల్కె దగ్గరికి వెళ్తున్నాను."

"మంచిదే. కారు బాగుచేయించి చాలా రోజులైంది, బుధవారమే సర్వీసుకి ఇచ్చేస్తాను."

"రైల్లో వెళ్తాను. ఒక్కదాన్నే."

సంచీలో ఏవో దొర్లిన చప్పుడు. "ఒక్కదానివా? దారిలో రైలు మారాలి తెలుసా? ఎందుకిప్పుడు? సిల్కె ఏమైనా రాసిందా? ఏమైంది దానికి?"

"తను చెప్పాలనుకున్నప్పుడు నీకు చెబుతుంది."

అతను కుర్చీలో కూర్చున్నాడు. గొంతు ముసలిగా వినిపించింది. "నాలుగేళ్ళు రోసీ. ఒక్క రోజైనా విసుక్కున్నానా? నీకొచ్చిన ప్రతి అక్షరం చదివి వినిపించాను. అందులో నేను చేసిన తప్పేమిటో చెప్పు."

ఆమె బల్లమీద తడుముకుంటూ అతని చెయ్యి దొరకబుచ్చుకుంది. సంతలోంచి రావడంతో చల్లగా, మట్టిగా ఉంది.

"తప్పేం లేదు. చాలా బాగా చదివావు. నువ్వు చదువుతావని తెలుసు కాబట్టి అందరూ నీకే రాశారు ఎక్‌హార్ట్. ఈ నాలుగేళ్ళలో నాకెవరూ ఉత్తరం రాయలేదు."