పెదబాబు పేరున ఇరవై నాలుగు పాటలు

పెదబాబు ఒక్క పాట కూడా కట్టలేదు. ముందే చెప్పేస్తున్నాను. సభలో చెప్తే ఎవరూ వినలేదు.

మండపేటలో మేం పనిచేసిన రైసుమిల్లులో బస్తాలు మోసే కూలీల్ని జట్టు అనేవారు. మా పాటల దళం ఆ జట్టులోంచే పుట్టింది. నలుగురం. పెదబాబు డప్పు కొట్టేవాడు. గొంతెత్తితే వీధి చివరిదాకా వినబడేది. చంద్రరావు హార్మోనియం. పాట కట్టేది సత్తియ్య. వాడికి అక్షరం ముక్క రాదు. వీపున బస్తాతో లారీకి ఆనించిన బల్ల ఎక్కుతూ ఒక చరణం, ఖాళీ వీపుతో దిగుతూ ఒక చరణం కట్టేవాడు. మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్తే నేను రాసుకునేవాణ్ణి. నా చదువూ బడిలో వచ్చింది కాదు, పొట్లం కాగితాలు చదివి నేర్చుకున్నదే.

ఎనభై ఎనిమిదిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల నెట్టు విరిగి మీద పడి పెదబాబు పోయాడు. ఆ కోపంలోంచి పాటలు ఇంకా పదునెక్కాయి. పోలీసులొచ్చారు. "ఎవడు రాస్తున్నాడ్రా ఇవి?" అన్నారు. సత్తియ్యకి ఇద్దరు చంటిపిల్లలు. వాణ్ణి పట్టుకెళ్తే మిల్లువాళ్లు మళ్లీ గేటు తియ్యరు. నాకో ఉపాయం తట్టింది. మహా తెలివైనవాణ్ణి కదా.

"పెదబాబు రాశాడండి. వెళ్లి పట్టుకోండి," అన్నాను.

ఎస్సై నా వంక కాసేపు చూసి జీపెక్కేశాడు. ఆ రోజు నుంచి అదే మా కట్టుబాటు. సత్తియ్య ఏది కట్టినా పెదబాబు పేరే. ఇరవై నాలుగు పాటలయ్యాక పుస్తకం వేశాం. 'అమరుడు పెదబాబు వదిలి వెళ్లిన పాటలు' అని ముందుమాట రాసింది నేనే.

రెండువేల నాలుగు నాటికి దళం లేదు. మిల్లుకి బస్తాలు ఎక్కించే బెల్టు వచ్చి జట్టు సగమైంది. సత్తియ్య ఊపిరితిత్తుల నిండా ఊక దుమ్ము. పది అడుగులేస్తే కూర్చోడానికి అరుగు వెతుక్కునేవాడు. పాటలు మాత్రం కాలేజీ కుర్రాళ్ల నోళ్లకెక్కాయి. రామచంద్రపురంలో చర్చ పెట్టారు. కరపత్రం వేశారు: 'మిల్లు జట్టు దళంలో మేటి పాటగాడెవరు? పెదబాబా? చంద్రరావా?'

సత్తియ్యకి చదివి వినిపించాను.

"బావా, సంచి పాట నాదని ఒక్కసారి చెప్పు. చాలు."

"ఒక్కటేంటి, ఇరవై నాలుగూ చెప్తాను."

"వద్దు. ఆ ఒక్కటే. మా హారతి ఆ పాట పాడుకుంటా, పెదబాబు మావయ్య ఎంత బాగా కట్టాడో కదా నాన్నా అంటంది. ఊఁ కొడతన్నాను బావా, ఇన్నేళ్ల నుంచీ."

సంచి పాటంటే ఇది. సంచి మీద అచ్చేసిన మిల్లు మార్కు చెమట వీపుకి అంటుకునేది.

*సంచి మీది పేరు నా వీపుకంటిందిరో*
*సబ్బెట్టి తోమినా పోదురో*

సభకి అధ్యక్షుడు లెక్చరర్ సూర్యనారాయణమూర్తి గారు. మంచివాడు. అసలు చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే తిట్టి కూర్చోబెట్టేవాణ్ణి. వేదిక మీద పెదబాబు భార్య రత్నమాణిక్యం శాలువా కప్పుకుని కూర్చుంది. చంద్రరావు కాకినాడలో కాంట్రాక్టులు చేసుకుంటున్నాడు, పిలిచినా రాలేదు.

"చంద్రరావు కట్టిన బాణీల్లో సంగీతం ఉందండి. పెదబాబుది వట్టి అరుపు," అన్నాడొక కుర్రాడు.

"అరుపు కాదెహె, ఆకలి! హాస్టల్లో మూడు పూటలా మెక్కేవాడివి, నీకేం తెలుస్తుంది?" అన్నాడు ఇంకొకడు.

అందరూ నవ్వారు. మూడో వరసలో సత్తియ్య కూడా నవ్వాడు. వాడి పాట కోసమే కదా కొట్టుకుంటున్నారు.

నేను లేచాను. "ఆపండి. ఇవన్నీ కట్టింది సత్తియ్య. అదిగో కూర్చున్నాడు." పోలీసుల సంగతీ మా కట్టుబాటూ అంతా చెప్పాను.

సూర్యనారాయణమూర్తి గారు పుస్తకం తెరిచారు. "అచ్చిబాబు గారూ, ఈ ముందుమాట మీదే కదండీ?"

"నాదేనండి. అబద్ధం రాశాను."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా? మేం దేన్ని నమ్మాలండీ?"

హాలు గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది.

"బెల్టు పాట చూడండి. పెదబాబు పోయింది ఎనభై ఎనిమిదిలో. మిల్లుకి బెల్టు వచ్చింది తొంభైలో. చచ్చినవాడు బెల్టు మీద పాటెలా కడతాడండీ?"

ఆయన ఆలోచించారు. గెలిచాననుకున్నాను. ఆయన మొహం వెలిగింది.

"రెండేళ్లు ముందే చూశాడన్నమాట! దార్శనికత అంటే అదేనండీ!"

చప్పట్లు.

రత్నమాణిక్యం లేచింది. మైకు ఇవ్వబోతే పక్కకి తోసేసింది. "అన్నయ్యగారూ, ఆయన పోతే మిల్లోళ్లు ఏమిచ్చారో మీకు తెలుసు. నాకీ పేరొక్కటే మిగిలింది. ఇదీ పట్టుకుపోతారా?"

ఆ పేరు ఆమెకిచ్చింది నేనే.

"అంత పాటగాడైతే ఇక్కడే ఒకటి కట్టమనండి!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

సత్తియ్య ముందు కుర్చీ పట్టుకుని లేచాడు. ఊపిరి కూడదీసుకోడానికి చాలాసేపు పట్టింది. హాలంతా ఆగింది. పాడాడు.

*ఊపిరి తీస్తే ఊకే వస్తందిరో*
*పొయ్యిలో ఎయ్యండి, మండుద్దిరో*

ఇరవై నాలుగిట్లో ఇంత పాట లేదు.

పెదబాబుది ఆకలి అన్న కుర్రాడే ముందుగా మాట్లాడాడు. "ఫర్లేదండి. కానీ పెదబాబు స్థాయి ఎక్కడండీ? ఆ పట్టు లేదు."

"పెదబాబు ప్రభావం బాగా కనిపిస్తోంది. అనుకరణ తప్పేం కాదులెండి," అన్నారు సూర్యనారాయణమూర్తి గారు, ఎంతో దయగా.

చేతులెత్తించారు. పెదబాబు మొదట, చంద్రరావు తర్వాత. వయసుకి గౌరవమిచ్చి సత్తియ్యని మూడోవాణ్ణి చేసి శాలువా కప్పారు. నేను తిట్టిన తిట్లు ఎవరికీ వినబడలేదు, మైకు కట్టేశారు.

సాయంత్రం బస్సులో సత్తియ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. శాలువా మడత ఒళ్లో పెట్టుకున్నాడు. చాలా దూరం వెళ్లాక అడిగాడు.

"బావా, ఆ రెండో ముక్క నీరసంగా వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చింది."

"లేదులే. ఆ కుర్రోడు అన్నదీ నిజమే. పెదబాబైతే ఇంకోలా కట్టేవోడు."

"పెదబాబేంటి సత్తియ్యా! పెదబాబంటే నువ్వే కదయ్యా!"

బస్సులో అందరూ తిరిగి చూశారు. సత్తియ్య వాళ్లవైపు చూసి సిగ్గుపడ్డాడు.

"ఏమో బావా. సంచి పాట బల్ల మీద నేనే కట్టానా, వాడు పాడితే విన్నానా? నువ్వు రాసుకున్నావు కదా. నీకు బాగా గుర్తుందా?"

"గుర్తుంది."

"ముందుమాట రాసినప్పుడు కూడా గుర్తుందా?"

మండపేటలో దిగాక వాడి ఇంటిదాకా నడిపించుకెళ్లాను. పది అడుగులకో అరుగు. ప్రతి అరుగు మీదా కూర్చుని, ఊపిరి అందగానే మళ్లీ అదే అడిగాడు.