చుక్కల గీత

దొంగ, ఆ తాళాల సారు పచ్చి దొంగ, కాకపోతే మెడలో పూలదండ ఉన్న దొంగ, పదవీ విరమణ సభట, ఫోన్ కార్డులకూ సిమ్ములకూ బ్యాంకు కార్డులకూ ఎవడూ విప్పలేని తాళాలు వేశాడట, పొగుడుతుంటే తల దించుకుంటున్నాడు, ఎంత నటనో, ఫోన్ చేసి నన్ను పిలిచింది కూడా ఆయనే, ఎంత ధైర్యం, వెనక వరసలో కాలు ఊగే కుర్చీలో కూర్చుని జేబులోని పాత కార్డును తడుముకుంటున్నాను, ఎవరైనా మాట్లాడతారా అని అడగనీ, లేచి కడిగేస్తాను, భోజనం చేసి రండి, గొడవ చేసి రాకండి అంది మా ఆవిడ బయల్దేరుతుంటే, తనకేం తెలుసు, తెలియకేం, సాక్షి తనేగా, ఇరవై రెండేళ్ళ కిందట వీధి ఫోన్లు బాగుచేసేవాణ్ణి, పెట్టెలో కార్డు దూర్చి మాట్లాడిన కొద్దీ అందులో డబ్బు తరగాలి, కొన్ని పేటల్లో తరగడం లేదు, ఈయనా ఈయన డిగ్రీల మందా నాలుగు నెలలు ఏసీ గదిలో కూర్చుని ప్రోగ్రామంతా తిరగేశారు, ఏమీ దొరకలేదు, నేను ఒక పెట్టె విప్పి బ్రష్షుతో తుడుస్తుంటే ఎర్రటి పొట్టు రాలింది, తుప్పు కాదు, వాసన చూస్తే మా ఇంటి వాసనే, గోళ్ళరంగు.

ఆ సాయంత్రం మా ఆవిడ గోళ్ళరంగు సీసా పట్టుకుని వీధి చివరి ఫోనుకూ ఇంటికీ తిరుగుతూ, కార్డు చిప్పు మీది ఎనిమిది బంగారు రంగు బిళ్ళల్లో ఒక్కోదానికీ రంగు పూసి చూశాను, నా గోళ్ళకు ఒక్కనాడూ పూయలేదు గాని ఫోన్లకు పూస్తున్నారా, రేపు కాటుక కూడా పట్టుకెళ్ళండి అంది, పరీక్ష కోసం మా అత్తగారితో గంట మాట్లాడాను, అల్లుడికి ఇన్నాళ్ళకు ప్రేమ పుట్టిందని మురిసిపోయింది పాపం, చివరికి ఒక్క బిళ్ళ దగ్గర మోసగాళ్ళ కిటుకు దొరికింది, ఇంత ఖర్చయిందని పెట్టె కార్డులో రాసే దారి అది, దాన్ని మూసేస్తే పెట్టె చెబుతూనే ఉంటుంది, కార్డుకు వినపడదు, తెల్లారి వెళ్ళి సారుకు చూపిస్తే కళ్ళజోడు తీసి, ఇది మీరు కనిపెట్టారా అన్నాడు, అందరూ నన్ను నువ్వనేవారు, ఆయనొక్కడే మీరనేవాడు, అదీ ఒక నాటకమే, రిపోర్టు ఆయన రాశాడు, భద్రతా విభాగానికి పెద్దయ్యాడు, దేశాలు తిరిగాడు, వీధి ఫోన్లు పోయాక నేను రోడ్డు పక్కన చార్జర్లు అమ్ముకుంటున్నాను.

ఇప్పుడు తెర మీద ఏదో వేస్తున్నారు, సారు కెరీర్‌కు తొలి మెట్టు అంటున్నాడు మైకువాడు, ఆ రిపోర్టే, ఆఖరి పేజీ, అడుగున ఆయన సంతకం, దాని పక్కన, పక్కన ఒక చుక్కల గీత, ఖాళీ, కింద కనుగొన్నవారు అని ఉంది, ఇదెక్కడి గీత, నాకు తెలియదు, తెలుసు, ఆయన బల్ల మీద కాగితం నా వైపు తిప్పి, ఇక్కడ మీ పేరూ చదువూ రాసి సంతకం పెట్టండి అన్నాడు, చదువు, ఉద్యోగంలో చేరేటప్పుడు పది పాసయ్యానని రాసిచ్చినవాణ్ణి, ఏడుతో బడి మానేసినవాణ్ణి, ఈ కాగితం పైవాళ్ళ దాకా వెళ్తే సర్టిఫికెట్ తెమ్మంటారు, ఉన్న పని ఊడుతుంది, చేతికి గ్రీజుంది సార్, తర్వాత పెడతానన్నాను, రెండు రోజులు ఆగాడు, రెండుసార్లు కబురు పెట్టాడు, నేను స్తంభాలెక్కి తిరిగాను, నేను పెట్టకపోయినా గీత మాత్రం తీసేయలేదు మహానుభావుడు, తీసేసి ఉంటే ఎంత బాగుండేది, ఇన్నేళ్ళు తిట్టిన తిట్లకు ఒక ఆధారమైనా మిగిలేది, ఎవరైనా మాట్లాడతారా అంటున్నారు, సారు నా వైపే చూస్తున్నాడు, మైకు చేతులు మారుతూ నా వరస దాకా వచ్చింది, జేబులో చెయ్యి జేబులోనే ఉంది, ఆయన నా దగ్గర కాజేసింది ఏమీ లేదు, నా చేతులతో నేను వదులుకున్నదే ఉంది, అది రెండంగుళాల చుక్కల గీత.