ఉప్పెక్కిన నీళ్ళు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్నది అయిదుగురు. కాలేజీలో జువాలజీ చెప్పే సుందర్ రావు, ఆయన తల్లి కృపమ్మ, భార్య రాహేలు, రాహేలు చెల్లెలు నిర్మల. అయిదో మనిషి రాజేశ్వర్ రావు, సుందర్ రావు స్నేహితుడు. ముందు రోజే విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చి, ముందు గదిలో గురక పెడుతున్నాడు. అతను నూనె డబ్బా నిండా సముద్రపు నీళ్ళు పట్టి, అందులో రెండు సీ అనిమోన్లను వేసుకుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని డోర్నకల్‌లో దిగేదాకా నిద్రపోలేదట.

పువ్వుల్లా ఉంటాయి గానీ పువ్వులు కావు, ప్రాణులు. కళ్ళు లేవు, తల లేదు. నడుమ ఉన్న రంధ్రమే నోరు, తిన్నది అరిగాక బయటికి వచ్చేదీ అక్కడినుంచే. కింద ఒకటే పాదం, దాంతో రాయిని పట్టుకుంటుంది, నచ్చకపోతే వదిలి జరుగుతుంది. ఇవన్నీ సుందర్ రావు నిన్న తన స్టూడెంట్లకు చెబుతుంటే నిర్మల కిటికీ అవతల బోళ్ళు తోముతూ విన్నది. ఒంటికాలితో, కళ్ళు లేకుండా, తనకు పడని చోటు పడదని దానికెలా తెలుస్తుందా అని బూడిద చేతులతో అట్లాగే కూర్చుండిపోయింది.

పల్లెలో టెన్త్ పాసైన పిల్లను కాలేజీలో చేర్పిస్తామని తెచ్చి ఏడాదైంది. "వచ్చే జూన్ల సూద్దాం తియ్" అన్నాడు బావ. అప్పటినుంచి బావ పాఠం చెప్పే గదిలోకి ఆమె పోయేది ఊడ్వడానికి, అక్కడ సముద్రపు చేపలున్న అద్దాల తొట్టికి నీళ్ళు పోయడానికి. కరెంటు పోయి గాలి మోటారు ఆగితే, అది వచ్చేదాకా, నీళ్ళకు గాలి అందేలా, చెంబుతో తొట్టిలోని నీళ్ళే ముంచి పైనుంచి ధారగా పోయాలి. ఒకసారి మూడు గంటలు పోసింది. భుజం లాగేసి, తెల్లారి రొట్టెల పిండి పిసకలేకపోతే, "నీళ్ళు వోసుడు గూడ ఒక పనేనానే?" అని కృపమ్మ నవ్వింది.

ఎండాకాలం తొట్టి నీళ్ళు రోజుకు చెంబెడు ఎగిరిపోతాయి. మూలన క్యాన్లలో దాచిన సముద్రపు నీళ్ళతో ఆ వెలితి పూడ్చమని బావ చెప్పాడు. నాలుగు నెలలుగా అవే పోస్తోంది. పోసిన మొదటి వారమే ఆమెకు అనుమానం వచ్చింది. పులుసు మరిగి దగ్గరపడితే ఉప్పెక్కుతుంది, అప్పుడు మంచినీళ్ళు పోస్తాం గానీ మళ్ళీ ఉప్పునీళ్ళు పొయ్యం కదా. ధైర్యం చేసి ఒక్కరోజు అన్నం వడ్డిస్తూ, "బావా, నీళ్ళు పోతయి గని ఉప్పు అండ్లనే ఉంటది గద" అన్నది. ఆయన ముద్ద ఆపి, "సముద్రం ఎన్నడన్న జూసినవా నువ్వు?" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత నిర్మల ఆ మాట ఎత్తలేదు.

కొత్తవాటిని గంటసేపు కొద్దికొద్దిగా తొట్టి నీళ్ళకు అలవాటు చేయాలని పుస్తకంలో ఉన్నదట. నిన్న స్టూడెంట్లు నిలబడి ఉండడంతో బావ డబ్బాలోంచి తీసి నేరుగా వదిలేశాడు. ఈ పొద్దటికి రెండూ ముడుచుకుని, నానిన చింతపండు ముద్దల్లా అడుగున పడి ఉన్నాయి.

"సచ్చినయి," అన్నాడు సుందర్ రావు, చర్చికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "చర్చి అయినంక పాస్టరుగారిని అన్నానికి తోలుకొస్త. అంతల్ల తీసి మోరిల వారెయ్యిండ్రి. కుళ్ళితె చేపలు గూడ పోతయి."

"నా పైసలు దండుగ," అన్నాడు రాజేశ్వర్ రావు ఆవులిస్తూ. "ఒళ్ళ పెట్టుకొని తెస్తి గదరా."

వాళ్ళిద్దరూ, కృపమ్మా చర్చికి వెళ్ళారు. రాహేలు వంటింట్లో మసాలా నూరుతోంది. నిర్మల తొట్టిలో చెయ్యి పెట్టి ఒకదాన్ని ఎత్తబోయింది. వేలికేదో అంటుకుంది. జిగురు కాదు, పట్టు. చంటిపిల్ల నిద్రలో వేలు పట్టుకున్నట్టు చాలా మెల్లగా పట్టుకుంది.

ఆమె చెయ్యి తీసి వేలు నాకి చూసింది. పెరట్లో పారబోయకుండా ఉంచిన నూనె డబ్బా నీళ్ళలో ఇంకో వేలు ముంచి నాకింది. తొట్టి నీళ్ళే ఉప్పు, చాలా ఉప్పు. రోజూ కూరకు ఉప్పు వేసే నాలుకకు ఆ తేడా చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు.

జర్మన్ సిల్వర్ తట్టలో తొట్టి నీళ్ళు, వాటిలో ఆ రెండు. పక్కన చెంబులో రాత్రి తేర్చిన బావి నీళ్ళు. చెంచాతో ఒక్కటి పోసి, వంద లెక్కపెట్టి, ఇంకొకటి. చెంబుతో గబగబా కలిపేస్తే నిన్నటి తప్పే మళ్ళీ. ఎన్నో చెంచానో తెలియదు, గుమ్మంలో రాహేలు నిలబడి ఉంది.

"ఏందే? ఉల్లిగడ్డలు కొయ్యమంటి గద."

"బతికున్నయక్కా. నీళ్ళు ఉప్పెక్కినయి. తగ్గిస్తాన."

రాహేలు వంగి చూసింది. ఒక ముద్ద అంచున సన్నటి కొస ఒకటి బయటికొచ్చి, నీళ్ళలో అటూ ఇటూ తడుముతోంది.

"మరి బావకు జెప్పకపోతివి?"

"జెప్పిన. మీరందరు నవ్విండ్రు."

రాహేలు ముఖం తిప్పుకుని, మళ్ళీ తట్ట వైపు చూసింది. "ఎంతసేపు వడుతది?"

"రెండు మూడు గంటలు. నడుమ లేవొద్దు. గని అన్నం, కోడికూర…"

అప్పటికే గేటు చప్పుడైంది. చెప్పులు, నవ్వులు, పాస్టరుగారి దగ్గు. "నిర్మలా, కాళ్ళకు నీళ్ళు తే," అని కృపమ్మ కేకేసింది. చెంచా నిర్మల చేతిలో ఆగిపోయింది. అలవాటు కొద్దీ మోకాళ్ళు లేవబోయాయి.

రాహేలు ఆమె భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది.

"పారేసిండ్రా వాటిని?" వసారాలోంచి సుందర్ రావు గొంతు.

"లేదు," అన్నది రాహేలు. మొగుడి మాటకు ఆమె గొంతులోంచి అంత పొట్టి జవాబు రావడం నిర్మల ఎప్పుడూ వినలేదు. "నీళ్ళల్ల ఉప్పెక్కువైంది. మా చెల్లె సరిజేస్తాంది. కాళ్ళకు నీళ్ళు నేను తెస్త."

"ఆ పోరికేం దెలుసు?"

రాహేలు చెల్లెలి వైపు తిరిగి, "తొందరవడకు," అని, బయటికి వెళ్ళి తలుపు వేసేసింది.