గంధకం వాసన

చింతపండు పిసికి మెడకీ, మోచేతుల దాకా చేతులకీ పట్టించి, అది కాస్త ఆరేదాకా నిలబడి, తర్వాత సీకాయతో రుద్దుకుని, మళ్ళీ సబ్బు పెట్టి నీళ్ళు పోసుకోవాలి. ఆఫీసు నుంచి రాగానే శశికళ చేసే మొదటి పని ఇదే. అదీ తన బాత్రూములో కాదు. హెబ్బగోడిలో వాళ్ళది సొంత ఇల్లు. పైన వాళ్ళుంటారు, కింద గదులు ఫ్యాక్టరీ పనివాళ్ళకి అద్దెకిచ్చారు. ఆ గదుల పక్క సందులో, నీళ్ళ మోటారు దగ్గర, అద్దెవాళ్ళకని కట్టిన బాత్రూమ్ ఒకటుంది. దాని తాళంచెవి మెట్ల కింద మేకుకి వేలాడుతుంది. గార్మెంట్స్‌లో షిఫ్టు ముగించుకుని వచ్చిన కింది గది పాపక్క బకెట్ పట్టుకుని సందులో కాచుకుని ఉంటే, ఇంటి ఓనరు కోడలు లోపల చింతపండు రుద్దుకుంటూ ఉంటుంది. ఆ స్నానం అయ్యాకే మెట్లెక్కాలి, పొయ్యి ముట్టించాలి, ఎసరు పెట్టాలి.

ఇంతకీ ఆమె ఒంటి మీద ఏముందంటారా? కుళ్ళిన వెల్లుల్లి వాసన. "ఏంది శశీ, మురుగు మోరీ పక్కన పడుకున్నట్టుండాది" అన్నాడు భర్త చంద్రశేఖర్ ఒకసారి, మంచం చివరికి జరుగుతూ. "నాకు ఓకే, అమ్మకి పడదు" అని కూడా అన్నాడు. శనివారం రాత్రుళ్ళు అతని నోటినుంచి వచ్చే వాసనకి మాత్రం ఆ ఇంట్లో ఏ స్నానమూ లేదు.

ఆమె బొమ్మసంద్రలో ఒక చిన్న కంపెనీలో పరిశోధన చేస్తుంది. చొక్కా గుండీ అంత బంగారు బిళ్ళ మీద డీఎన్ఏ పోగుల్ని నిలబెట్టడం ఆమె పని. డీఎన్ఏ మెలి తిరిగిన నిచ్చెనలా ఉంటుందని బళ్ళో అందరికీ చెప్తారు. ఆ నిచ్చెన మెట్ల గుండా కరెంటు పోతుందని చాలామందికి చెప్పరు. మెట్లన్నీ సరిగ్గా జత కుదిరి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటే, కింది బంగారం నుంచి పై కొసన అతికించిన నీలిరంగు రసాయనం దాకా కరెంటు జర్రున ఎక్కిపోతుంది. మధ్యలో ఒక్క మెట్టు జత కుదరకపోయిందా, కరెంటు పడిపోతుంది. క్షయరోగి కఫంలోంచి తీసిన క్రిమి డీఎన్ఏని, మందుకి లొంగే క్రిమికి జత కుదిరేలా చేసిన ఆ పోగుతో కలిపి చూస్తారు. కరెంటు పడిపోతే ఆ క్రిమి మామూలు మందుకి లొంగదని అర్థం. వారాల తరబడి ఎదురుచూడక్కర్లేదు, ఆ పూటే తెలిసిపోతుంది.

కానీ పోగు బంగారాన్ని పట్టుకోవాలంటే దాని కొసన గంధకం ఉండాలి. పోగుల మధ్య ఖాళీల్లోకి ఇంకో గంధకపు మందు పోసి ఓపిగ్గా గంటసేపు ఉంచాలి. అప్పుడే పోగులు నిటారుగా నిలబడతాయి. లేదంటే తడి వెంట్రుకల్లా బంగారం మీద పడుకుంటాయి. నీలిరంగు నేరుగా బంగారాన్ని తాకుతుంది, కరెంటు నిచ్చెన ఎక్కకుండానే అడ్డదారిన పోతుంది, లొంగే క్రిమీ మొండి క్రిమీ ఒక్కలాగే కనబడతాయి. కంపంతా ఆ మందుదే.

ఆ కంపుని పీల్చి బయటికి తోయడానికి ల్యాబు వెనక గదిలో ఒక గాజు అర, దానికో ఫ్యాన్ ఉన్నాయి. ఉగాదికి ముందు ఆగిన ఫ్యాన్ దసరా అయినా తిరగలేదు. అడిగినప్పుడల్లా పైఅధికారి హేమంత్‌కుమార్ "బడ్జెట్‌లో పెట్టాను శశికళా, కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అంటాడు. ఈలోగా ఆయన క్యాబిన్ ముందుకి కొత్త కాఫీ మిషన్ వచ్చింది. శశికళ అడ్జస్ట్ చేసుకుంది. ఎవరికీ ఇబ్బంది కలగకూడదని వెనక గది తలుపు వేసుకుని, ఆ గాలే పీలుస్తూ, రెండేళ్ళు పట్టిన పనిని ఒక దారికి తెచ్చింది. వచ్చే నెల నుంచి ఆసుపత్రి నమూనాలు రాబోతున్నాయి.

సరిగ్గా అప్పుడే హేమంత్‌కుమార్ పిలిచాడు.

"గుడ్ న్యూస్ శశికళా. మిమ్మల్ని డాక్యుమెంటేషన్‌కి మారుస్తున్నాం. ఏసీ రూమ్, స్మెల్ ఉండదు. శాలరీ సేమ్. మీ ల్యాబ్ బెంచ్ జూనియర్ మునీంద్ర చూసుకుంటాడు."

"నేనడగలేదు కద సార్."

"మీ హస్బెండ్ ఫోన్ చేశారు. చాలా డీసెంట్‌గా మాట్లాడారు. ఇంట్లో మీకెంత కష్టంగా ఉందో చెప్పారు. అంత కేరింగ్ మనిషి దొరకడం లక్ అండీ."

శశికళ చెవులు వేడెక్కాయి. ఇద్దరు మగవాళ్ళు ఫోన్లో తన ఒంటి వాసన గురించి డీసెంట్‌గా మాట్లాడుకున్నారు. తన పనిని ఒకరు ఇచ్చేశారు, ఒకరు తీసుకున్నారు. ఫ్యాన్ మార్చడం కంటే మనిషిని మార్చడం వీళ్ళకి సులువైపోయిందే! ఒళ్ళు మండిపోయింది. అయినా నోట్లోంచి "ఆలోచించి చెప్తా సార్" అనే వచ్చింది. బస్సు దిగేదాకా ఆ మాట అన్నందుకు తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

ఇంటి గేటు తీస్తుంటే కూతురు సహన మెట్ల మీదినుంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, పన్ను ఊడింది! నేనే పీకేసుకున్నా!" అంటూ వచ్చి వచ్చి, కింది మెట్టు దగ్గర టక్కున ఆగిపోయింది. ఎవరూ ఆగమనలేదు. ఒక చేత్తో ముక్కు మూసుకుని, పన్నున్న పిడికిలి వెనక్కి లాక్కుంది. "స్నానం చేసి రా, అప్పుడు చూపిస్తా" అని మళ్ళీ పైకి పోయింది. ఏడేళ్ళ పిల్లకి ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది ఆ విద్య. శశికళకి అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

బాత్రూములో చింతపండు పూసుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపటికి తలుపు బయట అత్తగారు అక్కయమ్మ గొంతు వినబడింది. "ఏమ్మా, ఇంతసేపు? వేణ్ణీళ్ళు తెచ్చినా, తీసుకో."

తలుపు ఓరగా తెరిచి బకెట్ అందుకుంటూ శశికళ అడిగేసింది. "అత్తా, మీకీ వాసన అంతగా పడదా?"

"నాకా? నాకేమిటికి పడదు? శిడ్లఘట్టలో పట్టుగూళ్ళు ఉడకేసే ఇంట్లో పుట్టినదాన్ని. పురుగు ఉడికే కంపు ముందర నీది యా మాత్రం! వానికి పడదని గదా నీకు చింతపండు చెప్పింది."

"మీకు పడదని ఆయన చెప్పినారు."

అక్కయమ్మ తడి చేతులు కొంగుకి తుడుచుకుంది. మోటారు పక్కన గట్టు మీద కూర్చుంది. "పెండ్లయినంక గూడా నేను పట్టు నూలు తీస్తా ఉంటిని. మీ మామ ఇట్లే సందులో నీళ్ళు పోసుకోమనె. ఈ చింతపండు అప్పటిదే. గూడు చెవి కాడ ఆడించి ఎంత నూలు దిగుతాదో చెప్తా ఉంటిని, సంతలో మొగోళ్ళు గూడా వచ్చి నన్ను అడుగుతా ఉండిరి. కడాకు ఆ కంపు వద్దని మీ మామ పని మానిపించె. వాసన పాయె. నన్నడిగేదీ పాయె."

ఆ తర్వాత ఏమీ చెప్పనట్టే లేచి, "పొద్దు పోతా ఉండాది, బిన్నా పోసుకునిరా, ఎసరు పెట్టాల" అని వెళ్ళిపోయింది.

మర్నాడు బస్సులో శశికళకి అదే ఆలోచన. ఆ ఇంట్లో అన్నీ తన మీదుగానే పోతాయి. కొడుకు తల్లికి చెప్పాల్సిందీ, తల్లి కొడుక్కి చెప్పాల్సిందీ, అద్దెవాళ్ళ గోలా, బడి టీచరు గోలా. దేన్నీ ఆపకుండా ఎక్కించీ దించీ అలవాటైపోయింది. అంత సాఫీగా నడిచినన్నాళ్ళూ మధ్యలో ఒక మనిషుందని ఎవరికి తెలుస్తుంది? నిచ్చెనలో ఒక్క మెట్టు కాదన్నప్పుడే కదా మిషన్‌కి కూడా తెలిసేది.

ల్యాబుకి వెళ్ళేసరికి మునీంద్ర తల పట్టుకుని కూర్చునున్నాడు. కంప్యూటర్ తెర మీద రెండు గీతలు, లొంగే క్రిమిదీ మొండి క్రిమిదీ, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"మందు ఎంతసేపు ఉంచావు మునీంద్రా?"

"ఐదు నిమిషాలు మేడమ్. వాంతి వచ్చేటట్టు ఉండె. కడిగేసినా."

అతన్ని అని ఏం లాభం? ఆ గదిలో ఎవరు నిలబడగలరు? ఇదే బిళ్ళ మీద ఆసుపత్రి నమూనా చూసి ఉంటే, మందు పనిచెయ్యని మనిషికి అదే మందు రాసిచ్చి ఉండేవాళ్ళు. శశికళ వెనక గదిలోకి వెళ్ళి మందు సీసా, బిళ్ళలు, ట్రే అన్నీ మోసుకొచ్చి హాలు మధ్యలో, హేమంత్‌కుమార్ క్యాబిన్‌కి ఎదురుగా ఉన్న బల్ల మీద పెట్టింది. కిటికీలు తెరిచింది. చేతికి గ్లౌజులు తొడుక్కుని సీసా మూత తీసింది.

కాఫీ మిషన్ దగ్గర నిలబడ్డవాళ్ళు కప్పులు వదిలేసి పోయారు. హేమంత్‌కుమార్ జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఏంటిది శశికళా? ఇక్కడ చేస్తారా ఎవరైనా?"

"వెనక గదిలో గాలి లేదు సార్. ఇక్కడైతే కిటికీలున్నాయి. ఫ్యాన్ బాగయ్యేదాకా ఇక్కడే చేస్తా."

"మీకెందుకండీ ఇవన్నీ? మీ సీట్ మారుస్తున్నాం కదా. మీ హస్బెండ్ కూడా..."

"ఆయన ఈ కంపెనీలో పనిచెయ్యరు సార్." శశికళ బిళ్ళల ట్రే దగ్గరికి లాక్కుంది. "నన్నడగాల్సింది నన్నే అడగండి. నేను మారను. మునీంద్రకి నేర్పిస్తాను, నా బెంచి దగ్గరే నేర్పిస్తాను. ఈ మందు ఇంకో గంట ఉండాలి. మీరు కావాలంటే బయట నిలబడండి."

ఆయన నిజంగానే బయట నిలబడ్డాడు, ఫోన్ చెవిన పెట్టుకుని. ఉగాది నుంచి దొరకని ఫ్యాన్ మెకానిక్ మధ్యాహ్నం భోజనాల వేళకల్లా దొరికాడు. మోటారు కాలిపోయిందనీ, రేపు కొత్తది బిగిస్తాననీ చెప్పి పోయాడు. సీటు మార్చే మాట హేమంత్‌కుమార్ మళ్ళీ ఎత్తలేదు. సాయంత్రం తెర మీద గీతలు విడిపోయాయి. ఒకటి పైన, ఒకటి బాగా కింద. మునీంద్ర "మేడమ్!" అని గట్టిగా అరిచాడు. శశికళకి కూడా అరవాలనిపించింది, అరిచింది.

ఇంటికొచ్చేసరికి సందులో పాపక్క, ముందు ఆమె స్నానం కానీ అని బకెట్‌తో కాచుకునుంది. శశికళ మేకుకున్న తాళం తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇది ఇంక మీదే పాపక్కా. నాకు పనిలేదు."

"అట్లంటే నువ్వు యాడ పోసుకుంటావమ్మా?"

"మా ఇంట్లో."

మెట్లెక్కి, చెప్పులు విప్పి, నేరుగా హాల్లోకి నడిచింది. సహన ఎదురొచ్చి ఆగింది. "స్నానం?"

"తర్వాత. నిన్న చూపించకుండానే నిద్రపోయావుగా, ముందు పన్ను చూపించు."

పిల్ల ఒక్క క్షణం వాళ్ళ నాన్న వైపు చూసి, పరుగెత్తుకెళ్ళి పన్ను తెచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. బియ్యపు గింజంత పన్ను. సోఫాలో ఉన్న చంద్రశేఖర్ టీవీ మీంచి తల తిప్పాడు.

"శశీ, అట్లే వచ్చేసినావే? కింద బాత్రూమ్..."

"తాళం పాపక్కకి ఇచ్చేశా. రేపు ల్యాబులో ఫ్యాన్ బిగిస్తారు, వాసన తగ్గుతుంది. పూర్తిగా పోదు. బెంచి నాదే. మీరింక మా సార్‌కి ఫోన్ చెయ్యొద్దు."

అతని ముఖం కందింది. "నీ మంచికే చేసినాను గదా. అమ్మకి పడదని..."

"నా పేరేమిటికి చెప్తావప్పా?" వంటింటి గడపలోంచి అక్కయమ్మ అంది. "పడనిది నీకు. నీకని చెప్పుకో." అంతటితో ఊరుకోకుండా కోడలి వైపు తిరిగి, "చేతులన్నా కడుక్కోరాదా, పొద్దు పోయింది" అని గొణుక్కుంది.

చంద్రశేఖర్ తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "సరే, అదంతా మళ్ళీ మాట్లాడదాం. అన్నం సంగతేంది?"

శశికళ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని అతని పక్కనే సోఫాలో కూర్చుంది. ఈసారి పిల్ల ముక్కు మూసుకోలేదు.

"నా చేతులకి వాసనుంది కదా," అంది, "ఎసరు మీరు పెట్టండి."