సగంలో ఆగిన భైరవి

నేను ఒక శాక్సఫోన్‌ను. ప్రస్తుతం నాదసుధా సభవారి హాలులో, అద్దాల పెట్టెలో, ఒక శాలువా మీద పడుకుని ఉన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎందుకో చెబుతాను, వినండి.

ఎక్కడో చలిదేశంలో ఇత్తడి రేకును వంచి నన్ను తయారుచేశారు. ఒక మిలిటరీ బ్యాండులో కొన్నాళ్ళు ఊదించుకుని, మద్రాసులో పాత వాయిద్యాల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను చేతిలోకి తీసుకున్నవాడు షేక్ దస్తగిరి. చిలకలూరిపేట దగ్గర తాతల నాటి నుంచీ సన్నాయి వాయించే ఇల్లు వాళ్ళది. నా మీటల మధ్య గమకాలకు దారి లేదు. ఆ మనిషి పెదవి బిగించీ, సడలించీ లేని దారి వేశాడు. ఆరేళ్ళు పట్టింది. పెదవి చిట్లి నెత్తురొచ్చిన రోజులు నాకు తెలుసు.

ఆయన వాయించనిది లేదు. పొద్దున పెళ్ళిలో త్యాగరాజ కీర్తన, సాయంత్రం ఊరేగింపులో సినిమా పాట, క్రిస్మస్‌కు చర్చిలో స్తుతిగీతం. మద్రాసులో రికార్డింగులకూ పిలిచేవారు. పాట ఊరంతా మోగేది, పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. అన్నీ వచ్చినవాడికి మనవాళ్ళిచ్చే బిరుదు ఒక్కటే. బ్యాండు దస్తగిరి.

ఆయనకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. ఒక్క సాయంత్రం, ఒక సభలో కూర్చుని భైరవి రాగాన్ని మొదటి నుంచి చివరిదాకా వాయించాలి. పెళ్ళిలో అది కుదరదు. పురోహితుడు చెయ్యెత్తాడంటే ముహూర్తం వచ్చినట్టు. ఎంత గొప్ప రాగంలో ఉన్నా అక్కడికక్కడ వదిలేసి గట్టిమేళం అందుకోవాలి. తాళి కట్టేవేళ ఎవరి తుమ్మూ ఎవరి ఏడుపూ వినపడకూడదని ఆ మోత. ముప్ఫై ఏళ్ళలో అలా ఎన్ని రాగాల పీక నొక్కామో లెక్కలేదు.

నాదసుధా సభ కార్యదర్శి విశ్వపతిరావు గారి గడప పదకొండేళ్ళు తొక్కాడు.

"సన్నాయి అయితే చూద్దుమయ్యా. ఇది బ్యాండు వాయిద్యం కదా" అనేవారాయన.

"ఒక్కసారి ఇనండి బాబుగారూ. బాగోకపోతే మళ్ళీ మీ గుమ్మం తొక్కను" అనేవాడు దస్తగిరి.

చివరికి ఒక ఏడు, రావలసిన విద్వాంసుడికి జ్వరం వచ్చి, కచేరీ మాకు దక్కింది.

ఆ సాయంత్రం నన్ను చూడాల్సింది. పక్కన వయొలిను, మృదంగం. భైరవి మొదలుపెట్టి పావుగంట దాటింది. ముందు వరుసలో పెదవి విరుస్తూ కూర్చున్న పెద్దలు మెల్లగా తలలూపసాగారు. పై షడ్జం మీద నిలిచాం. అప్పుడే ఎమ్మెల్యే గారు వచ్చారు. విశ్వపతిరావు గారు లేచి, ఆపమన్నట్టు చెయ్యెత్తారు.

దస్తగిరి అరమూసిన కళ్ళకు ఎత్తిన చెయ్యి ఒక్కటే కనిపించింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఆయన వేళ్ళు భైరవిని వదిలేసి గట్టిమేళంలోకి దూకాయి.

నేను ఊరంతా వినిపించేలా మోగాను. మృదంగం ఆయన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. తర్వాత హాలంతా ఒకటే నవ్వు. "అక్షింతలేవండోయ్" అన్నాడెవడో వెనక నుంచి. ఎమ్మెల్యే గారు ఆ మేళం తన స్వాగతానికే అనుకుని అందరికీ దండాలు పెట్టారు.

విశ్వపతిరావు గారు స్టేజీ ఎక్కి శాలువా కప్పి, చెవిలో అన్నారు. "సారుకి వేరే ప్రోగ్రాం ఉంది. మంగళం వాయించెయ్."

వాయించేశాడు. నాకు ఆయన మీద కూడా కోపమే. లేచి, "ఇంకా అవలేదు, కూర్చోండి" అనొచ్చు కదా. అనలేదు. ఇంటికెళ్ళి నన్ను తుడిచి, పెట్టెలో పెట్టి, ఏడ్చాడు. తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు, పెళ్ళిళ్ళన్నీ వాయించాడు. భైరవి మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు. ఏ సభా పిలవలేదు.

పోయాక ఆయన గొప్పవాడయ్యాడు. సభవారే ఇంటికొచ్చి నన్ను అడిగి తెచ్చుకున్నారు. పెట్టె మీద 'బహుముఖ ప్రజ్ఞాశాలి, శాక్సఫోన్ విద్వాంసుడు' అని రాయించారు. బతికున్నన్నాళ్ళూ ఎవరి నోటా రాని ఆ విద్వాంసుడనే మాట ఇప్పుడు ఇత్తడి అక్షరాల్లో మెరుస్తోంది.

నిన్ననే పెట్టె ఆవిష్కరణ. కూతురు కాశింబీని పిలిచి మైకు ఇచ్చారు. "రెండు ముక్కలు చాలమ్మా" అన్నారు విశ్వపతిరావు గారు, తొంభైకి దగ్గరపడిన గొంతుతో.

కాశింబీ నా వైపు చూసింది. "మా నాన్న భైరవి మీ స్టేజీ మీదే సగంలో ఆగిపోయిందండీ. ఆ మిగతా సగం కావాలని ఇరవయ్యేళ్ళలో మీలో ఒక్కరైనా మా ఇంటికొచ్చి అడిగారా?"

మైకు బల్ల మీద పెట్టి వెళ్ళి కూర్చుంది.

హాలంతా చప్పట్లు కొట్టారు.