‘మీ పేరు’ అన్న గడి

“పాస్‌వర్డ్ కొట్టడానికి కూడా ముహూర్తం చూడాలా అమ్మాయ్?” అన్నాడు షావుకారు ధనుంజయరావు గల్లాపెట్టె దగ్గర నుంచి.

ఇష్రత్ ఇంకోసారి కొట్టింది. తప్పు పాస్‌వర్డ్‌ది కాదు. ఇంటర్నెట్‌లో తెరిస్తే అదే పాస్‌వర్డ్‌తో మెయిల్ బుద్ధిగా తెరుచుకుంటోంది. ఈ పాత కంప్యూటర్లో ఉత్తరాలు చూసే పాత సాఫ్ట్‌వేర్ మాత్రం ఒప్పుకోవడం లేదు. కొట్టిన ప్రతిసారీ మళ్లీ అడుగుతోంది.

నరసరావుపేటలో ఆ పత్తి కొట్టు పాతికేళ్లది. మెయిల్ నడిపే పాత కంపెనీ మూతపడుతోందని, గుంటూరు నుంచి వచ్చిన టెక్నీషియన్ పోయిన వారం అన్నీ క్లౌడ్‌కి మార్చి వెళ్లాడు. క్లౌడ్ అంటే ఎక్కడో దూరాన ఇంకొకరి పెద్ద కంప్యూటర్ అని షావుకారుకు విడమరిచి చెప్పింది ఇష్రతే. “యాడన్నా ఉండనీ, నాకు మాత్రం ఈ డబ్బాలోనే రావాల” అన్నాడాయన. అయితే కొత్త సాఫ్ట్‌వేర్ కొనాల్సిందేనని చెప్పి టెక్నీషియన్ ఫోన్ పెట్టేశాడు. దాంతో పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదిర్చే పని ఆమె నెత్తిన పడింది. పదకొండేళ్లుగా అత్తగారింట్లో ఆమె చేస్తున్నదీ అదే కాబట్టి భయపడలేదు. మూడు రోజులు వెతికి దారి కనిపెట్టింది. ఆ పాతదానికి మాత్రమే పనికొచ్చే పదహారక్షరాల పాస్‌వర్డ్ వేరే తీసుకోవాలి. అది తీసుకోవాలంటే ముందు ఫోన్‌కి ఓటీపీ రావాలి.

ఆ ఫోన్ అల్తాఫ్‌ది, ఆమె భర్తది.

ఆరేళ్ల కిందట ఈ కొట్టులో గుమస్తా అల్తాఫే. ఎడ్లపాడు దగ్గర స్కూటర్ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, అది అతుక్కునేదాకా ఓ నెల చూడమని ఇష్రత్‌ను పంపాడు. కాలు ఐదు నెలల్లో అతుక్కుంది. మనిషి మాత్రం స్నేహితుడి సెల్ షాపులో కుర్చీకి అతుక్కుపోయాడు. ఆమె ఉండిపోయింది. మెయిల్ అల్తాఫ్ పేరున ఉండేది, అలాగే ఉండిపోయింది. కోయంబత్తూరు మిల్లులకు ఏ లారీ ఎందుకు ఆలస్యమైందో, ఏ బేళ్లలో తేమ ఎక్కువుందో ఉన్నదున్నట్టు రాసి, కింద అల్తాఫ్ అని పెట్టేది. “పత్తి గురించి నిజం చెప్పేది మీరొక్కరే, అల్తాఫ్ గారూ” అని ఒకసారి ఒక మిల్లు మేనేజరు రాశాడు. ఆ మెయిల్‌ను ఆమె ఎన్నిసార్లు చదువుకుందో! ఇంట్లో చెప్పాలనిపించింది. చెబితే అల్తాఫ్ తనను మెచ్చుకున్నారనుకుని మురిసిపోతాడని ఊరుకుంది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. ఆమెకూ ఒక ఫోన్ ఉంది. కానీ “ఆడకూతురి నంబరు కాయితాల్లో ఎందుకే, మొగుడిది ఇయ్యి” అని అత్త అక్తర్ బేగం ఏనాడో తేల్చేసింది. గ్యాస్‌కీ, పిల్ల బడికీ, చివరికి ఆమె కళ్ల డాక్టరుకూ ఇచ్చింది అతని నంబరే. మెయిల్‌కి ఏ నంబరు పెట్టాలని టెక్నీషియన్ అడిగినప్పుడు కూడా అలవాటుకొద్దీ నోట్లోంచి అదే వచ్చింది. ఆ తప్పు తనదే, ఇంకెవరినీ అనడానికి లేదు.

ఫోన్ చేస్తే అల్తాఫ్ నాలుగోసారికి ఎత్తాడు. “ఏందే నీ గోల? షాపులో మనుషులున్నారు.”

“మెసేజ్‌లో ఆరంకెలు వచ్చుంటాయి, చెప్పండి.”

అతను కళ్లజోడు వెతికి, ఎవరికో బేరం చెప్పి, అంకెలు చదివేసరికి గడువు అయిపోయింది. రెండోసారి పాత మెసేజ్‌లోవి చదివాడు. మూడోసారి ఎత్తలేదు. ఒక రోజు ఆగి ప్రయత్నించమని తెర మీద చూపించి ఆ పేజీ మూసుకుపోయింది.

“రేపు అల్తాఫ్‌నే రమ్మను. మగోడు కూర్చుంటే గంటలో అయిపోద్ది” అన్నాడు షావుకారు.

మర్నాడు అల్తాఫ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వెనక నిలబడింది. ఇక్కడ నొక్కండి, ఇక్కడ కాదు పైన, అంటూ అంతా ఆమే చెప్పింది. ఓటీపీ అతని జేబులోనే మోగింది. పదహారక్షరాలు తెర మీద కనబడ్డాయి. ఒక్కసారే కనబడతాయని, మళ్లీ చూపించరని ఆమెకు తెలుసు కాబట్టి గబగబా కాగితం మీద రాసుకుంది. సర్వర్ల పేర్లు చదివి వినిపిస్తే అతను ఒంటివేలితో కొట్టాడు. కాసేపటికి పాత పెట్టెలోకి మెయిళ్లు దిగడం మొదలైంది. ఆమె పంపిన ఆరేళ్ల ఉత్తరాలూ వరసగా దిగుతున్నాయి. ప్రతిదాని కింద అల్తాఫ్, అల్తాఫ్, అల్తాఫ్. వాటిలో ఒక్క వాక్యం కూడా అతనిది కాదు.

“చూసినావా! ఎంతైనా అల్తాఫ్ అల్తాఫే” అన్నాడు షావుకారు. అల్తాఫ్ కాదనలేదు. కొట్లో కొత్తగా పెట్టించిన ఏసీ వైపు ఒకసారి చూశాడు. “కాలు బాగానే ఉందిగా? ఒకటో తారీఖు నుంచి నువ్వే రారాదూ. ఆమెనెందుకు ఇంకా కష్టపెట్టడం?” అని అడిగాడు షావుకారు.

“అదే అనుకుంటున్నానండీ. అమ్మకి కూడా మోకాళ్లు చానా నొప్పులు. ఇంటికాడ మనిషి కావాల” అని, ఇష్రత్ వైపు తిరిగి, “ఈ నాలుగు రోజులూ నాకు అన్నీ చూపించు” అన్నాడు.

ఆమె పాస్‌వర్డ్ రాసుకున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆమెను ఒక్క మాట ఎవరూ అడగలేదు. ఊళ్లో ఆమెకంటూ ఉన్నది ఈ ఒక్క కుర్చీ. దాన్ని ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఆమె తల మీదుగా మాట్లాడుకున్నారు, ఎద్దును బేరమాడినట్టు. ఇంటికెళ్తే ఏముందో ఆమెకు తెలుసు. అత్త మోకాళ్లకు నూనె, అల్తాఫ్ చొక్కాలు, “ఏం చేస్తన్నావే పొద్దుటినుంచి” అన్న మాట.

“మెయిల్ పోతందో లేదో ఎవరికన్నా ఒకటి కొట్టి చూడు అమ్మాయ్” అంటూ షావుకారు అల్తాఫ్‌ను టీకి బయటికి తీసుకెళ్లాడు.

ఇష్రత్ కుర్చీలో కూర్చుంది. అది ఇంకా వెచ్చగానే ఉంది. ఖాతా వివరాలు తెరిస్తే, అన్నిటికంటే పైన ‘మీ పేరు’ అన్న గడి ఉంది. అందులో అల్తాఫ్ అని ఉంది. ఆరేళ్లుగా ఆ గడిని ముట్టుకోవచ్చని ఆమెకు తోచనే లేదు. దాన్ని చెరిపి తన పేరు కొట్టింది. తర్వాత మిల్లుల చిరునామాలన్నీ ఎంచుకుని ఇంగ్లీషులో రాసింది:

“ఈ ఆరేళ్లూ మీకు ఉత్తరాలు రాసింది నేను. ఒకటో తారీఖు నుంచి ఇక్కడ నా భర్త అల్తాఫ్ కూర్చుంటారు. పత్తి సంగతి నిజంగా తెలియాలన్నా, ఆ పని తెలిసిన మనిషి కావాలన్నా నాకు ఫోన్ చేయండి. ఇష్రత్.”

కింద తన ఫోన్ నంబరు వేసింది. ఒక్కొక్క అంకెనూ రెండుసార్లు సరిచూసుకుని, పంపింది.

“పోయిందా?” గుమ్మంలోంచి అడిగాడు అల్తాఫ్, చేతిలో టీ గ్లాసుతో. టీ అతనొక్కడికే.

“పోయిందండీ” అంది ఇష్రత్. “అందరికీ పోయింది.”